బ్రాంచి డీసీకి మార్పులు లేటుగా వెళ్తున్నాయా? ఎక్కడ ఆగుతోందో పట్టుకుని సరిచేసుకోండి ఇలా

పొద్దున పది గంటలకి బరంపురం హెడ్డాఫీసులో కూర్చుని, గుణుపురం బ్రాంచిలో కొత్తగా చేరిన అమ్మాయికి యూజర్ ఐడీ చేశా. పదిన్నరకి ఫోన్. "సార్, ఐడీ ఇచ్చేశామన్నారు కదండీ, ఎన్నిసార్లు కొట్టినా తప్పనే వస్తోంది, పాప ఊరికే కూర్చుని ఉంది." నా స్క్రీన్ మీద ఐడీ బానే కనపడుతోంది, వాళ్ళ సర్వర్‌లో చూస్తే లేదు. పదకొండున్నరకి మళ్ళీ ఫోన్, పన్నెండుకి ఇంకోటి. పావు తక్కువ ఒంటిగంటకి నేనేమీ ముట్టుకోకుండానే లాగిన్ అయిపోయింది.

అక్కడ ఏదీ చెడిపోలేదండి. యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్లు అన్నీ ఉండే యాక్టివ్ డైరెక్టరీలో రెండు ఊళ్ళ సర్వర్ల మధ్య మార్పులు ప్రతి 180 నిమిషాలకి ఒకసారి వెళ్ళేలా మైక్రోసాఫ్ట్ వాళ్ళే పెట్టి ఇస్తారు, మనం మార్చకపోతే అదే ఉండిపోతుంది, అంటే మూడు గంటలు. మా బ్రాంచీలు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురంలో ఉన్నాయి, ఒక్కోచోట ఒక్కో డొమైన్ కంట్రోలర్ (పొట్టిగా డీసీ, ఈ ఐడీలన్నిటి కాపీ పెట్టుకుని లాగిన్లు చూసే సర్వర్), బరంపురంలో రెండు, అన్నీ కలిపి ఒకటే డొమైన్. కొండదారుల్లో వచ్చే లైన్లు, వానొస్తే పోయే కరెంటు, ఇలాంటి చోట డీసీలు చూసుకునేవాళ్ళు మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో చాలామంది ఉన్నారు, ఎక్కువమంది ఒక్కరే అన్నీ చూసుకోవాలి, పక్కన అడగడానికి మనిషి ఉండడు. వాళ్ళ కోసమే ఇది.

కమాండ్ల పేర్లన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నా, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవడం మర్చిపోవద్దు.

మొదటి పని: లేటా, ఆగిపోయిందా తేల్చుకోండి

ఈ రెండూ వేరు, ఇది తేల్చకుండా ఏదీ ముట్టుకోవద్దు. చాలామంది ఫోన్ రాగానే సర్వర్ రీస్టార్ట్ చేస్తారు, ఫైర్‌వాల్ ఆపేస్తారు, డీఎన్ఎస్ (పేరు అడిగితే ఐపీ చెప్పేది) మార్చేస్తారు, దాంతో ఊరికే లేటైనది కాస్తా నిజంగానే ఆగిపోతుంది.

హెడ్డాఫీసు డీసీలో రెప్‌అడ్మిన్ /రెప్ల్‌సమ్మరీ అని కొట్టండి. రెండు పట్టికలు వస్తాయి, పైది సోర్స్, కిందది డెస్టినేషన్. ఒక్కో డీసీ పేరు పక్కన లార్జెస్ట్ డెల్టా అని ఒక సమయం ఉంటుంది, చివరిసారి సరిగ్గా మార్పులు అంది ఎంతసేపైందో అది చెప్తుంది, దాని పక్కన ఎన్నిసార్లకి ఎన్ని ఫెయిలయ్యాయో ఉంటుంది. మీ గ్యాపు 180 నిమిషాలు పెట్టి ఉండి, డెల్టా రెండు గంటల నలభై నిమిషాలు చూపిస్తూ, ఫెయిల్స్ సున్నా ఉంటే అది ఆరోగ్యంగా ఉన్నట్టే, మీకు కావాల్సింది రిపేరు కాదు, గ్యాపు తగ్గించుకోవడం, అది కింద చెప్తా. ఫెయిల్స్ ఒక్కటైనా ఉండి చివర ఎర్రర్ నంబర్ కనపడితే మాత్రం నిజంగా తేడా ఉంది.

పట్టిక చదవడంలో ఒక కిటుకు. గుణుపురం డీసీ సోర్స్ పట్టికలో ఫెయిల్ చూపిస్తే, మిగతావాళ్ళు దాని దగ్గర్నుంచి తీసుకోలేకపోతున్నారని. డెస్టినేషన్ పట్టికలో చూపిస్తే అదే మిగతావాళ్ళ దగ్గర్నుంచి తీసుకోలేకపోతోందని. రెండింట్లోనూ ఉంటే లైనో, కరెంటో, మెషీనో మొత్తానికే పోయినట్టు. రెప్లికేషన్‌లో, అంటే ఒక డీసీ మార్పులు ఇంకో డీసీకి అందడంలో, ఎవరూ ఎవరికీ తోయరు, ఎవరికి కావాల్సింది వాళ్ళే వచ్చి లాక్కుంటారు, ఈ సంగతి బుర్రలో పెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది.

ఒక డీసీ సంగతే పూర్తిగా కావాలంటే రెప్‌అడ్మిన్ /షోరెప్ల్ కొట్టి పక్కన దాని పేరు ఇవ్వండి.

తర్వాత: ఏ మార్పు ఎక్కడ ఆగిందో చూడండి

రెప్‌అడ్మిన్ /షోఆబ్జ్‌మెటా అని ఒకటుంది, దీన్ని చాలామంది వాడరు, నాకైతే ఇదే ఎక్కువ పనికొచ్చింది. డీసీ పేరు, ఆ యూజర్ పూర్తి డీఎన్ (డైరెక్టరీలో ఆ ఐడీ పూర్తి అడ్రసు) ఇస్తే ఒక్కో ఫీల్డు ఎప్పుడు మారింది, ఏ డీసీలో మారింది, ఎన్నోసారి మారింది, అన్నీ వరసగా చెప్తుంది. బరంపురం డీసీ మీద ఒకసారి, గుణుపురం డీసీ మీద ఒకసారి కొట్టి పక్కపక్కన పెట్టి చూడండి. బరంపురంలో వెర్షన్ 4, గుణుపురంలో 3 ఉంటే ఆ మార్పు ఇంకా చేరలేదు. రెండుచోట్లా 4 ఉంటే రెప్లికేషన్ తన పని చేసేసింది, గొడవ ఇంకెక్కడో ఉంది.

అలా ఇంకెక్కడో ఉండేవాటిలో మామూలుగా వచ్చేది గ్రూపు సంగతి. ఎవర్నైనా ఒక గ్రూపులో కలిపితే, ఆ మార్పు బ్రాంచికి చేరినా సరే, మనిషి లాగాఫ్ అయి మళ్ళీ లాగిన్ అయితే గానీ ఫోల్డర్ తెరుచుకోదు. ఇది రెప్లికేషన్ లేటు కాదు, లాగిన్ టైములో ఇచ్చిన టోకెన్‌లో పాత గ్రూపులే ఉంటాయి కాబట్టి. ఫోన్‌లో ముందు ఇదే అడగండి.

పాస్‌వర్డ్ సంగతి పూర్తిగా వేరు, దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. పాస్‌వర్డ్ ఎక్కడ మార్చినా ఆ డీసీ వెంటనే పీడీసీ ఎమ్యులేటర్ అనే డీసీకి కబురు పంపేస్తుంది, మా దగ్గర అది బరంపురంలో ఉంది. గుణుపురంలో ఎవరైనా కొత్త పాస్‌వర్డ్ కొడితే, అక్కడి డీసీ తన దగ్గరున్న పాతదానితో పోల్చి తప్పని చెప్పేముందు పీడీసీని ఒకసారి అడుగుతుంది, అది సరే అంటే లోపలికి రానిస్తుంది. అందుకే లైను ఉన్నంతసేపు పాస్‌వర్డ్ రీసెట్లు వెంటనే పనిచేసేస్తాయి, కొత్త ఐడీలు మాత్రం పనిచేయవు, జనానికి ఇదే విచిత్రంగా ఉంటుంది. కానీ దీనికి రెండో వైపు ఉంది. పాత పాస్‌వర్డ్ కూడా గుణుపురంలో ఇంకా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడి డీసీ దగ్గర అదే సరైనదిగా ఉంది, సరిపోయింది కాబట్టి ఎవర్నీ అడగదు. ఉద్యోగం మానేసినవాళ్ళ పాస్‌వర్డ్ హెడ్డాఫీసులో మార్చేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి, ఐడీ డిసేబుల్ చేసినా అంతే, మార్పు బ్రాంచికి చేరేదాకా అక్కడ అది బతికే ఉంటుంది. నిజంగా భయపడాల్సిన లేటు ఇది.

అర్జెంటు అయితే ఇప్పుడే ఇలా పంపండి

అన్నిటికన్నా తేలికైంది, ఎక్కడ కావాలో అక్కడే చేసేయడం. యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్‌లో డొమైన్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, చేంజ్ డొమైన్ కంట్రోలర్ అని కొట్టి గుణుపురం డీసీ ఎంచుకోండి. ఇప్పుడు మీరు చేసే ఐడీ నేరుగా అక్కడే పుడుతుంది, పాప వెంటనే లాగిన్ అవుతుంది, బరంపురానికి నెమ్మదిగా అదే వస్తుంది. మానేసిన మనిషి ఐడీ డిసేబుల్ చేయడం కూడా అలాగే, ముందు ఆ మనిషి పనిచేసిన బ్రాంచి డీసీలో, తర్వాత హెడ్డాఫీసులో చూసుకోండి. ఆ పైన వాళ్ళ కంప్యూటర్ ఒకసారి ఆపించేయండి, ఎందుకంటే లాగిన్ టికెట్ మామూలుగా 10 గంటల దాకా ఉంటుంది, ఆల్రెడీ తెరిచి ఉన్న సెషన్ ఆ క్షణమే మూసుకుపోదు.

ఐడీ ఇప్పటికే హెడ్డాఫీసులో చేసేశారా, అయితే రెప్‌అడ్మిన్ /రెప్ల్‌సింగిల్‌ఆబ్జ్ కొట్టి ముందు చేరాల్సిన డీసీ పేరు, తర్వాత ఎక్కణ్ణుంచి రావాలో ఆ డీసీ పేరు, చివర ఆ యూజర్ డీఎన్ ఇవ్వండి. ఆ ఒక్కటే వెళ్తుంది, లైను మీద బరువు పడదు. వానాకాలంలో లైను అంతంతమాత్రంగా ఉన్నప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

మొత్తం అన్నీ పంపాలంటే రెప్‌అడ్మిన్ /సింకాల్ /ఏడీఈపీ. ఇందులో ఏ, పీ పెద్ద అక్షరాలు, డీ, ఈ చిన్నవి, ఇది తప్పనిసరిగా చూసుకోండి. పెద్ద పీ పెడితే ఇక్కణ్ణుంచి బయటికి పంపుతుంది, పెట్టకపోతే బయటి నుంచి ఇక్కడికి తెచ్చుకుంటుంది, పెద్ద ఏ అంటే అన్ని పార్టిషన్లూ (డైరెక్టరీలోని భాగాలు), చిన్న ఈ అంటే వేరే సైట్లు, అంటే వేరే ఊళ్ళు కూడా. ఇది రోజూ కొట్టే అలవాటు చేసుకోవద్దు, లైన్లన్నీ ఒకేసారి నిండిపోతాయి.

మౌస్‌తో చేసేవాళ్ళు యాక్టివ్ డైరెక్టరీ సైట్స్ అండ్ సర్వీసెస్‌లో రెప్లికేట్ నౌ నొక్కుతారు, అక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. గుణుపురానికి మార్పు చేరాలంటే గుణుపురం సర్వర్ కింద ఉన్న ఎన్‌టీడీఎస్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి నొక్కాలి, బరంపురం కింద నొక్కితే ఉల్టా గుణుపురం నుంచి బరంపురానికి వస్తుంది. లాక్కోవడం అని చెప్పాను చూడండి, అదే.

సైట్లూ సబ్‌నెట్లూ సరిగ్గా ఉన్నాయా

ఒక్కో ఊరికి ఒక్కో సైట్ ఉండాలి, ఆ ఊరి ఐపీ రేంజి సబ్‌నెట్‌గా ఆ సైట్‌కి కట్టి ఉండాలి, ఆ ఊరి డీసీ ఆ సైట్ కిందే ఉండాలి. చాలాచోట్ల డీసీలన్నీ మొదట వచ్చిన డిఫాల్ట్ ఫస్ట్ సైట్ నేమ్ అనే ఒక్కదాని కిందే పడి ఉంటాయి. అప్పుడు అన్నీ ఒకే ఊళ్ళో ఉన్నాయనుకుని మార్పు జరిగిన 15 సెకన్లకే మొదటివాడికి, ఆ తర్వాత 3 సెకన్లకి ఒకరికి చొప్పున కబురు పెడుతూ ఉంటాయి, కంప్రెషన్ ఉండదు, వేగంగానే ఉన్నట్టుంటుంది గానీ రాయగడలో కూర్చున్న మనిషి కంప్యూటర్ జయపురం డీసీకి పోయి లాగిన్ అడుగుతూ ఉంటుంది. ఏ కంప్యూటర్ ఏ సైట్ లెక్కలో ఉందో తెలియాలంటే ఆ కంప్యూటర్‌లో ఎన్‌ఎల్‌టెస్ట్ /డీఎస్‌గెట్‌సైట్ కొట్టండి. సబ్‌నెట్ కట్టని ఐపీలన్నీ డీసీలో విండోస్ ఫోల్డర్ కింద డీబగ్‌లో ఉండే నెట్‌లాగాన్ లాగ్‌లో నో క్లయింట్ సైట్ అని పడుతూ ఉంటాయి, కొత్త బ్రాంచి తెరిచినప్పుడల్లా ఒకసారి తెరిచి చూసుకోండి.

గ్యాపు తగ్గించడం

సైట్స్ అండ్ సర్వీసెస్‌లో ఇంటర్ సైట్ ట్రాన్స్‌పోర్ట్స్ కింద ఐపీ తెరవండి. అక్కడ డిఫాల్ట్ఐపీసైట్‌లింక్ అని ఒకటే ఉండి అన్ని సైట్లూ అందులోనే ఉంటే, వాటిని విడదీయండి. బరంపురం–పర్లాకిమిడి ఒక లింకు, బరంపురం–గుణుపురం ఒకటి, అలా ఒక్కో లింకులో రెండే సైట్లు, అన్నీ హెడ్డాఫీసుకి. ఎందుకంటే అన్నీ ఒక్కదాన్లో ఉంటే లైను ఎటు ఉందో దానికి తెలీదు, పర్లాకిమిడి డీసీ జయపురం డీసీతో నేరుగా మాట్లాడాలని చూస్తుంది, మన వీపీఎన్ అలా వేసి ఉండకపోవచ్చు. మీ బ్రాంచీల మధ్య నేరుగా దారి లేకపోతే ఐపీ ప్రాపర్టీస్‌లో బ్రిడ్జ్ ఆల్ సైట్ లింక్స్ టిక్కు కూడా తీసేయండి.

ఇప్పుడు లింకు మీద డబుల్ క్లిక్ చేస్తే రెప్లికేట్ ఎవ్రీ అని 180 కనపడుతుంది. దాన్ని 15 చేయండి, అంతకన్నా తక్కువ అది తీసుకోదు. కిందే షెడ్యూల్ ఉంటుంది, వారం మొత్తం గడులు గడులుగా, ఎప్పుడో ఎవరో రాత్రిళ్ళు మాత్రమే అని పెట్టేసి వెళ్ళిపోయుంటారు, అది కూడా చూడండి, పగలంతా ఖాళీ గడులుంటే గ్యాపు 15 పెట్టినా లాభం లేదు. గుణుపురంలో చేసిన మార్పు జయపురం చేరాలంటే బరంపురం మీదుగా రెండు గెంతులు, 180 ఉన్నప్పుడు ఆరు గంటల దాకా పట్టేది, 15 పెట్టాక అర్ధగంటలో అయిపోతుంది. మార్పులు మాత్రమే వెళ్తాయి, అదీ సైట్ల మధ్య నొక్కి కుదించి పంపుతుంది, మనలాంటి నాలుగైదు బ్రాంచీల సంస్థకి 15 నిమిషాల గ్యాపు లైనుకి బరువేం కాదు.

ఇంకా తొందరగా కావాలంటే సైట్ల మధ్య కూడా కబురు పెట్టే పద్ధతి ఆన్ చేయొచ్చు. ఏడీఎస్‌ఐ ఎడిట్‌లో (డైరెక్టరీ లోపలి విలువల్ని నేరుగా దిద్దే టూల్) కాన్ఫిగరేషన్ తెరిచి, సైట్స్, ఇంటర్ సైట్ ట్రాన్స్‌పోర్ట్స్, ఐపీ, అందులో మీ లింకు, ఆప్షన్స్ అనే అట్రిబ్యూట్‌లో 1 పెట్టండి. ఖాళీగా ఉంటేనే 1, అక్కడ ముందే ఏదైనా అంకె ఉంటే దానికి కలపాలి, చెరిపేయకూడదు. ఇది పెట్టాక మార్పులు సెకన్లలోనే వెళ్తాయి, కంప్రెషన్ అలాగే ఉంటుంది. ఐడీ లాకవడం లాంటి అర్జెంటు మార్పులు కూడా ఈ కబురు పద్ధతి మీదే నడుస్తాయి, ఇది ఆన్ లేకపోతే అర్జెంటువి కూడా వేరే బ్రాంచి సైట్లకి వెంటనే పోవు, పేరుకే అర్జెంటు. చేతితో తయారుచేసిన కనెక్షన్లకి ఇది పట్టదు, సిస్టమ్ తనంతట తాను చేసిన వాటికే. అలా తనంతట తాను కనెక్షన్లు కట్టేదాన్ని కేసీసీ అంటారు, ప్రతి 15 నిమిషాలకి తిరుగుతుంది, ఆగలేకపోతే రెప్‌అడ్మిన్ /కేసీసీ కొట్టి వెంటనే తిప్పొచ్చు. బరంపురం–పర్లాకిమిడి లింకుకి నేను 1 పెట్టుకున్నా, జయపురానికి మాత్రం 15 నిమిషాల దగ్గరే ఉంచా, అక్కడ లైను రోజుకి నాలుగుసార్లు పడి లేస్తుంది.

నిజంగా ఆగిపోతే: ముందు గడియారం చూడండి

ఎర్రర్ ఏదైనా సరే మొదట టైము చూడండి. డీసీల మధ్య 5 నిమిషాల కన్నా ఎక్కువ తేడా ఉంటే గుర్తింపు తేల్చే కెర్బరోస్ ఒకర్నొకరు నమ్మనివ్వదు, యాక్సెస్ డినైడ్ అనే ఎర్రర్ 5 వస్తుంది, జనం పర్మిషన్ల వెంట పడతారు. ఏప్రిల్, మే నెలల్లో కాలబైశాఖి గాలులకి రోజూ కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ అయిపోతుంది, సర్వర్ లోపలి సీమాస్ బ్యాటరీ కూడా ముసలిదైపోయి ఉంటే మళ్ళీ ఆన్ అయ్యేసరికి ఏ పాత సంవత్సరమో తేదీ చూపిస్తుంది. డీసీలో తేడా 48 గంటలు దాటితే టైమ్ సర్వీస్ తనంతట తాను దిద్దుకోదు, మీరే చేత్తో దగ్గరకి తేవాలి. ఆ బ్యాటరీ ఖరీదు ఎంతండీ, ప్రతి బ్రాంచి సర్వర్‌కీ మార్పించేయండి.

డబ్ల్యూ32టీఎం /మానిటర్ కొడితే అన్ని డీసీల తేడాలూ ఒక్కచోట కనపడతాయి. బరంపురంలో పీడీసీ ఒక్కటే బయట నుంచి టైము తెచ్చుకోవాలి, మిగతావన్నీ దాన్నే అనుసరించాలి. బయట అంటే కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ళ సమయ్1 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్ ఉంది, ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) వాళ్ళది ఉంది, 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కూడా ఈ రెండు సంస్థల టైము గానీ, వాటితో ముడిపడ్డ సర్వర్ల టైము గానీ వాడమన్నారు. డీసీ వర్చువల్ మెషీన్ అయితే హోస్ట్ నుంచి టైము తీసుకోవడం ఆపేయండి, లేకపోతే హోస్ట్ డీసీని అడుగుతుంది, డీసీ హోస్ట్‌ని అడుగుతుంది, ఇద్దరూ కలిసి తప్పుతారు. టైమ్‌జోన్ కూడా చూడండి. ఒక బ్రాంచిలో కొత్త సర్వర్ అమెరికా జోన్‌తో వస్తే, బిగించిన కుర్రాడు జోన్ మార్చకుండా ముల్లు మాత్రం మన టైముకి తిప్పేశాడు, గడియారం చూస్తే కరెక్టుగానే ఉంది, లోపల యూటీసీ లెక్క మాత్రం పన్నెండు గంటల పైనే తప్పు. రెండు రోజులు పట్టింది కనుక్కోడానికి.

తర్వాత డీఎన్ఎస్

ఎర్రర్ 8524 వస్తే డీఎన్ఎస్ అని నేరుగా చెప్తున్నట్టే. బ్రాంచి డీసీ నెట్‌వర్క్ కార్డులో మొదటి డీఎన్ఎస్ హెడ్డాఫీసు డీసీ, రెండోది తనే, అంటే 127.0.0.1. అక్కడ 8.8.8.8 గానీ, రౌటర్ ఐపీ గానీ ఉండకూడదు, అవి మీ డొమైన్ గురించి ఏమీ చెప్పలేవు. ఇంటర్నెట్ పేర్ల కోసం అయితే వాటిని డీఎన్ఎస్ సర్వర్‌లో ఫార్వర్డర్లుగా పెట్టండి. సరిచేశాక ఆ డీసీలో ఐపీకాన్ఫిగ్ /రిజిస్టర్‌డీఎన్ఎస్ కొట్టి, నెట్‌లాగాన్ సర్వీస్ రీస్టార్ట్ చేసి, డీసీడయాగ్ /టెస్ట్:డీఎన్ఎస్ తో పరీక్ష పెట్టండి.

మన వైపు ఎక్కువగా జరిగేది ఇంకోటి. లైను పోయిందని బ్రాంచిలో ఎవరో మొబైల్ డాంగిల్ తెచ్చి సర్వర్‌కే గుచ్చేస్తారు. సర్వర్ ఆ డాంగిల్ ఐపీని కూడా డీఎన్ఎస్‌లో తన అడ్రసుగా రాసేస్తుంది, హెడ్డాఫీసు దాన్ని నమ్మి ఆ ఐపీకి వెళ్తుంది, ఎర్రర్ 1722 వస్తుంది. లైను మళ్ళీ వచ్చాక కూడా ఆ రికార్డు అలాగే ఉండిపోతుంది. డాంగిల్ పెట్టాలంటే రౌటర్‌కి పెట్టమనండి, సర్వర్‌కి వద్దు, ఈ మాట బ్రాంచిలో అందరికీ తెలుగులో, ఒడియాలో రాసి సర్వర్ మీదే అతికించండి.

ఆ తర్వాత లైను, ఫైర్‌వాల్

1722 అంటే ఆర్‌పీసీ (డీసీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) అందట్లేదని. పింగ్ వస్తోంది కదా అని ఆగిపోకండి. 135 పోర్టు తెరిస్తే సరిపోదు, అది తలుపు దగ్గర మనిషి లాంటిది, లోపల ఏ గదికి వెళ్ళాలో చెప్తుంది, ఆ గదులు 49152 నుంచి 65535 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అవి కూడా రెండు డీసీల మధ్య తెరిచి ఉండాలి, ఇంకా 53, 88, 389, 445, టైముకి యూడీపీ 123. వీపీఎన్ రౌటర్ మార్చినప్పుడల్లా వీటిలో ఏదో ఒకటి మిస్సవుతుంది.

చిన్న మార్పులు వెళ్తున్నాయి, పెద్దవి సగంలో వేలాడుతున్నాయి అంటే ఎంటీయూ (లైను మీద ఒకేసారి వెళ్ళగలిగే ప్యాకెట్ సైజు) మీద అనుమానపడండి. పింగ్ -ఎఫ్ -ఎల్ 1472 కొట్టి అవతలి డీసీ ఐపీ ఇవ్వండి. 1472కి హెడర్ 28 కలిపితే 1500. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) ఫైబర్ మీద 1492 మాత్రమే వెళ్తుంది, అందుకని 1464 పెట్టాలి, వీపీఎన్ టన్నెల్ లోపల ఇంకా తగ్గుతుంది. అంకె తగ్గించుకుంటూ వెళ్ళి ఎక్కడ జవాబొస్తుందో చూసి, రౌటర్‌లో టీసీపీ ఎంఎస్‌ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా సైజు) దానికి తగ్గట్టు కుదించండి, సర్వర్ మీద కాదు.

చాలా రోజులు లైను లేకపోతే

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో ఎన్ని రోజులు కరెంటు లేదో, ఫోన్లు లేవో ఇక్కడివాళ్ళకి గుర్తే. అలాంటప్పుడు డీసీ గురించి కంగారు పడకండి, వారం పది రోజులు విడిగా ఉన్నా దానికేం కాదు, లైను రాగానే తనంతట తానే అందుకుంటుంది. రోజుల మీద ఉన్న హద్దు టూంబ్‌స్టోన్ లైఫ్‌టైమ్ (డిలీట్ చేసినవాటి గుర్తు ఉంచుకునే గడువు), ఇప్పటి డొమైన్లలో 180 రోజులు, విండోస్ 2000, 2003 మొదటి రోజుల్లో మొదలైన పాత డొమైన్ అయితే 60. అది దాటాక ఆ డీసీని తిరిగి కలపాలని చూస్తే 8614 వస్తుంది, ఈవెంట్ 2042 పడుతుంది. ఇక్కడ నెట్‌లో దొరికే రిజిస్ట్రీ చిట్కా పెట్టి బలవంతంగా కలపకండి, ఎప్పుడో డిలీట్ చేసిన ఐడీలన్నీ అక్కణ్ణుంచి మళ్ళీ బతికొస్తాయి. చిన్న బ్రాంచి అయితే ఆ డీసీని ఫోర్స్‌గా డిమోట్ చేసి (డీసీ హోదా తీసేసి), హెడ్డాఫీసులో మిగిలిన దాని వివరాలు, అంటే మెటాడేటా శుభ్రం చేసి, కొత్తగా కట్టుకోవడమే మేలు.

కానీ దీనికన్నా ముందే తగిలే హద్దు ఇంకోటి ఉంది, దాన్ని 2020లో చూశా. మార్చి 25 నుంచి మే 31 దాకా లాక్‌డౌన్, 68 రోజులు, ఒక బ్రాంచిలో సర్వర్ ఆపేసి తాళం వేసి వెళ్ళిపోయారు. జూన్‌లో ఆన్ చేస్తే యూజర్లు, పాస్‌వర్డ్లు అన్నీ చక్కగా వచ్చేశాయి, రెప్ల్‌సమ్మరీలో సున్నా ఫెయిల్స్. గ్రూప్ పాలసీలు మాత్రం పాతవే. ఎందుకంటే పాలసీ ఫైళ్ళు ఉండే సిస్‌వాల్‌ని డీఎఫ్‌ఎస్‌ఆర్ అనే వేరే సర్వీస్ మోస్తుంది, దాని హద్దు 60 రోజులు, దాటితే ఈవెంట్ 4012 రాసేసి ఆగిపోతుంది. దీనికి మందు, ఆ బ్రాంచి డీసీ ఒక్కదానికే ఏడీఎస్‌ఐ ఎడిట్‌లో సిస్‌వాల్ సబ్‌స్క్రిప్షన్ మీద ఎంఎస్‌డీఎఫ్‌ఎస్‌ఆర్-ఎనేబుల్డ్‌ని ఫాల్స్ చేసి, రెప్లికేట్ చేసి, ఆ డీసీలో డీఎఫ్‌ఎస్‌ఆర్‌డయాగ్ పోల్‌ఏడీ కొట్టాలి, ఈవెంట్ 4114 వచ్చేదాకా ఆగాలి, తర్వాత మళ్ళీ ట్రూ చేసి మళ్ళీ రెప్లికేట్ చేసి మళ్ళీ పోల్‌ఏడీ కొట్టాలి, 4614 తర్వాత 4604 వస్తే అయిపోయినట్టు. హెడ్డాఫీసు డీసీ మీద ఇది పొరపాటున చేయకండి, మంచి కాపీ అక్కడే ఉంది. డీఎఫ్‌ఎస్‌ఆర్ సర్వీస్ నడుస్తుండగా కరెంటు పోతే ఈవెంట్ 2213 కూడా పడొచ్చు, మళ్ళీ మొదలుపెట్టే కమాండ్ ఆ ఈవెంట్‌లోనే రాసి ఉంటుంది, సిస్‌వాల్ ఫోల్డర్ ఒకసారి కాపీ తీసుకుని అది కొట్టండి.

వర్చువల్ మెషీన్ పాత స్నాప్‌షాట్‌కి డీసీని వెనక్కి తిప్పకండి, కరెంటు పోయి దెబ్బతిన్నా సరే. లెక్కలు తప్పి మిగతా డీసీలు దాని మార్పుల్ని తీసుకోవు, ఈవెంట్ 2095 వస్తుంది. విండోస్ సర్వర్ 2012 నుంచి కొంత కాపుదల ఉంది గానీ హోస్ట్ కూడా దానికి తగినది అయ్యుండాలి.

కొత్తగా బ్రాంచి డీసీ కట్టేటప్పుడు మొత్తం డేటాబేస్ సన్నని లైను మీద లాగనవసరం లేదు. హెడ్డాఫీసులో ఎన్‌టీడీఎస్‌యుటిల్‌లో ఐఎఫ్‌ఎం (ఇన్‌స్టాల్ ఫ్రమ్ మీడియా) వాడి కాపీ తీసి, డిస్కులో పెట్టుకుని బస్సెక్కండి, అక్కడ ఆ కాపీ నుంచి ప్రమోట్ చేస్తే (సర్వర్‌ని డీసీగా మారిస్తే) మిగిలిన కొద్ది మార్పులే లైను మీద వస్తాయి. ఆ డిస్కులో అందరి పాస్‌వర్డ్ హ్యాష్‌లూ ఉంటాయి కాబట్టి ఎన్‌క్రిప్ట్ చేసే తీసుకెళ్ళండి, పని కాగానే తుడిచేయండి. సర్వర్‌కి తాళం గది లేని చిన్న బ్రాంచి అయితే చదవడానికి మాత్రమే పనికొచ్చే ఆర్‌ఓడీసీ పెట్టుకోండి, కానీ పైన చెప్పినట్టు అక్కడే ఐడీ పుట్టించడం దాంట్లో కుదరదు.

రోజూ పొద్దున్నే

టాస్క్ షెడ్యూలర్‌లో ఒక చిన్న పని పెట్టుకోండి, తొమ్మిదింటికి రెప్‌అడ్మిన్ /షోరెప్ల్ * /సీఎస్‌వీ నడిచి ఫైల్లో పడాలి. ఎక్సెల్‌లో తెరిచి ఫెయిల్యూర్స్ కాలమ్ సున్నా కానివి మాత్రం చూస్తే రెండు నిమిషాల పని. దీంతోపాటు వారానికి ఒకసారి హెడ్డాఫీసు నుంచి ఒక్కో బ్రాంచికి డీఎఫ్‌ఎస్‌ఆర్‌డయాగ్ బ్యాక్‌లాగ్ కొట్టండి, సిస్‌వాల్ సంగతి సీఎస్‌వీలో కనపడదు. రజ పండక్కో, దసరాకో బ్రాంచి మూసేముందు ఎవరు సర్వర్ ఆపుతున్నారో, ఏ తేదీన ఆన్ చేస్తారో ఒక పుస్తకంలో రాయించండి. నా దగ్గరున్న పుస్తకంలో ఒక్కో బ్రాంచికి ఒక్కో పేజీ, ఆపిన తేదీ పక్కన 60వ రోజు ఏ తేదీకి వస్తుందో ఎర్ర ఇంకుతో రాసి ఉంటుంది.